పెద్దపేగులో పురావస్తు తవ్వకాలు

పోయిన ఆదివారం మా తోడల్లుడు భోజనానికి వచ్చాడు. పప్పు అయింది, వంకాయ కూర అయింది, గోంగూర మటన్ గిన్నె మూత తీశాం. సరిగ్గా అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి, పెరుగు గిన్నెకు ఆనించి నిలబెట్టి, "అన్నా, ఒక వీడియో చూడు" అన్నాడు. వాళ్ళ పాప డాన్సేమో అనుకుని కళ్ళజోడు సర్దుకున్నాను. పాప కాదు, గాజు గొట్టం. గొట్టంలో ఏదో పారుతోంది. వెనకాల సన్నగా వేణువు.

"ఏంట్రా ఇది?"

"నా పెద్దపేగు" అన్నాడు, కొడుక్కి ఐఐటీలో సీటొచ్చిన తండ్రి గొంతుతో.

మావాడు కోలన్ హైడ్రోథెరపీ చేయించుకున్నాడన్నమాట. కింది నుంచి గొట్టం పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు పంపి, పెద్దపేగు కడిగే కార్యక్రమం. దీనికి పేదింటి చుట్టం ఒకటుంది, ఎనిమా. దాన్ని ఆస్పత్రిలో నర్సమ్మ విసుక్కుంటూ ఇస్తుంది, చేయించుకున్నవాడు బయట ఎవరికీ చెప్పుకోడు. దీనికైతే ఏసీ గది, లావెండర్ వాసన, ముప్పావు గంట సేపు, విడతలు విడతలుగా కొన్నిచోట్ల 60 లీటర్ల దాకా నీళ్ళు. అంటే మనింటికి వచ్చే వాటర్ క్యాన్లు మూడు. సిట్టింగుకు 2,500 రూపాయలు. ఆరు కొంటే ఏడోది ఫ్రీ.

గొట్టం గాజుదే ఎందుకో తెలుసా? చూసుకోవడానికి. వ్యాపారమంతా ఆ గాజులోనే ఉంది. పక్కన ఓ అమ్మాయి నిలబడి కామెంటరీ చెబుతుందట. "అదిగో సార్, ఆ పచ్చగా పోయేది పైత్యం. ఆ నల్లటి ముక్క చూశారా, అది పదేళ్ళ పైమాటే." పదేళ్ళని ఎలా తెలిసిందమ్మా అని మావాడు అడగలేదు. నాగార్జునకొండలో ఏ పొర ఏ కాలానిదో తేల్చడానికి 1954 నుంచి 1960 దాకా తవ్వారు. అది ఇక్ష్వాకుల రాజధాని కాబట్టి ఆలస్యమైంది కాబోలు. మా తోడల్లుడి పేగు నలభై అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

వీడియో మధ్యలో ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, మావాడే వివరించాడు. ఇదిగో, ఈ సాగే పదార్థం ఏడో తరగతిలో మింగేసిన చూయింగ్ గమ్. ఇది వాళ్ళ పెళ్ళిలో తిన్న కాజా తాలూకు మైదా. ఆ తెల్లటి బద్ద మాత్రం...

"మీ గృహప్రవేశం పులిహోరలో జీడిపప్పు అన్నా!"

మా గృహప్రవేశం 2014లో. పులిహోరలో జీడిపప్పు వేయలేదు. బడ్జెట్ చాలక వేరుశనగ గుళ్ళు వేశాం. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వదు. ఆ మాటే చెబితే మావాడు ఓ క్షణం ఆలోచించి, "అయితే అది ఇంకెవరిదో గృహప్రవేశం" అని సాక్ష్యం సరిదిద్దుకున్నాడు.

మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి, "మరిదిగారూ, మటన్ వెయ్యనా? లేక లోపల ఇప్పుడే అలికి ముగ్గేసుకున్నారా?" అంది. మావాడు మూడుసార్లు వేయించుకున్నాడు. నేను పెరుగన్నం దాకా వెళ్ళలేకపోయాను. పెరుగు గిన్నె వైపు చూసే ధైర్యం లేదు.

సరే, కాసేపు శాస్త్రోక్తంగా మాట్లాడుకుందాం. పెద్దపేగు పొడవు సుమారు అయిదడుగులు. అందులోకి దిగిన సరుకు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో, మరీ బద్ధకిస్తే ఇంకో రెండు రోజులకు బయటపడుతుంది. పేగు లోపలి పొర కణాలు మూడు నుంచి అయిదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. గోడే వారానికోసారి కొత్తది కడుతుంటే, దానికి పదిహేనేళ్ళ కిందటి బిర్యానీ ఎలా అతుక్కుని ఉందో ఏ తాపీమేస్త్రిని అడిగినా నవ్వుతాడు. కెమెరా గొట్టంతో పేగులు చూడటమే ఉద్యోగంగా బతికే డాక్టర్లున్నారు. వాళ్ళకెప్పుడూ కనబడని ఈ పాత బకాయి, లావెండర్ వాసనొచ్చే గదిలో మాత్రం రోజూ కనబడుతుంది.

"మరి టాక్సిన్స్ అన్నా?"

"ఏ టాక్సిన్?"

"అన్నీ."

మన పల్లెల్లో పాముకి కూడా పేరుంటుంది. కట్లపాము, రక్తపింజర, నాగుపాము. కరిస్తే ఏది కరిచిందని అడుగుతారు. పేరూ ఊరూ లేని విషానికి 2,500 పుచ్చుకునే వైద్యం ఇదొక్కటే. ఒంట్లోని చెత్త సంగతి చూడటానికి కాలేయం, మూత్రపిండాలు అని ఉన్నాయి. జీతభత్యాలు లేకుండా, పండగ సెలవులు లేకుండా పనిచేస్తాయి. ప్యాకేజీ లేదు కాబట్టి వాటి మీద ఎవరికీ గౌరవం లేదు.

ఈ పిచ్చి మనకే కొత్త. వందేళ్ళ కిందట తెల్లదొరలకు ముదిరిపోయింది. పేగులో కుళ్ళిన మలం విషమై రక్తంలో కలిసి సకల రోగాలూ తెస్తుందని అప్పట్లో పెద్దపెద్ద డాక్టర్లే నమ్మారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ మలబద్ధకం ఉందని వచ్చినవాళ్ళకు పెద్దపేగే కోసి తీసేసేవాడు. ఇల్లు ఊడవమంటే ఇల్లే కూల్చే రకం. అమెరికాలో బ్యాటిల్ క్రీక్ అనే ఊళ్ళో జాన్ హార్వే కెలాగ్ గారి శానిటోరియం ఉండేది. మీ పిల్లలు పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ ఆ ఇంటివే. ఆయన రోగులకు పెరుగు సగం నోటితో ఇచ్చి, మిగతా సగం రెండో ద్వారం గుండా పంపేవాడు. మనం తరతరాలుగా మజ్జిగ ఒకవైపు నుంచే పుచ్చుకుంటున్నాం, పాపం, తెలియక. 1919లోనే వాల్టర్ ఆల్వారెజ్ అనే డాక్టరు అడిగాడు: విషం రక్తంలో కలిసిపోతే, విరేచనం కాగానే ఆ తలనొప్పీ నీరసమూ ఇట్టే ఎలా పోతున్నాయి? అది విషం కాదు, పేగు నిండి సాగడం వల్ల వచ్చే ఇబ్బంది. ఆ రోజుల్లోనే పురీషనాళంలో దూది కుక్కి చూస్తే అవే లక్షణాలు వచ్చాయి. దూదిలో ఏ విషం ఉంది?

"మన ఋషులు చెప్పిందే కదా" అని మావాడి చివరి అస్త్రం. చెప్పారు. హఠయోగ గ్రంథాల్లో బస్తి ఉంది. బొడ్డు లోతు నీళ్ళలో గొంతుకూర్చుని, గొట్టం పెట్టుకుని, నీళ్ళు పైకి పీల్చుకోమన్నారు. కృష్ణలో నీళ్ళున్నాయి, వెళ్ళు. ఏడోది కూడా ఫ్రీయే.

మా అమ్మమ్మ నెలకోసారి తెల్లవారుజామున ముక్కు మూసి ఆముదం పోసేది. మధ్యాహ్నం మిరియాల చారు, మెత్తటి అన్నం. అంతకుముందు పసితనంలో పొట్ట నిమిరి, "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం, గుర్రం తిన్న గుగ్గిళ్ళు జీర్ణం" అనేది. ఆ ఆముదం కూడా అక్కర్లేనిదే అంటారు ఇప్పటి పిల్లల డాక్టర్లు, నేను కాదనను. కానీ అమ్మమ్మ దాన్ని ఎవరికీ చూపించలేదు, పొరుగువాళ్ళని చేర్పిస్తే డిస్కౌంటు ఇస్తాననలేదు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ వచ్చాను. ఇక నవ్వు రాదు.

మా పక్క వాటాలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. విరేచనంలో రక్తం పడుతోందని ఇలాంటి కేంద్రానికే వెళ్ళారు. డాక్టరు దగ్గరికైతే కెమెరా పరీక్ష అంటారని భయం, సిగ్గు. అక్కడ ఏమన్నారో తెలుసా? "పాత మలినం ఊడి వచ్చేటప్పుడు రక్తం పడుతుంది మాస్టారూ, మంచిదే, విషం పోతోంది." విషం పోతోందట! ఒకటి కాదు, ఎనిమిది సిట్టింగులు కడిగారు. ఒంట్లో రక్తం పోతున్న మనిషిని, బరువు తగ్గి చొక్కా వేలాడుతున్న మనిషిని, "సన్నబడ్డారు, చూశారా ఫలితం" అని మెచ్చుకుని డబ్బులు తీసుకున్నారు. చివరికి కొడుకు బలవంతాన ఆస్పత్రికి తీసుకెళితే పెద్దపేగు క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. ఎనిమిది సిట్టింగుల కాలంలో ఏ ఒక్కరైనా "అయ్యా, రక్తం మా పని కాదు, డాక్టరు దగ్గరికి పొండి" అని ఉంటే? ఒక్క మాట. దానికి చదువు కూడా అక్కర్లేదు, సిగ్గుంటే చాలు.

రోగం లేనివాడికీ ఇది ఆట కాదు. పేగుకి చిల్లు పడొచ్చు. ఒంట్లో సోడియం, పొటాషియం తలకిందులు కావొచ్చు. కిడ్నీ రోగి, గుండె రోగి అయితే మరీ ప్రమాదం. 1978 నుంచి 1980 మధ్య అమెరికాలోని కొలరాడోలో ఒక క్లినిక్‌లో ఇలాగే పేగులు కడిగించుకున్న 36 మందికి అమీబా రోగం అంటుకుంది. పదిమందికి పెద్దపేగు తీయాల్సి వచ్చింది, వాళ్ళలో ఆరుగురు చచ్చిపోయారు. విషం పోగొట్టుకోవడానికి వెళ్ళినవాళ్ళు. ఆ యంత్రంలోనే వాళ్ళకంటే ముందు కడిగించుకున్నవాళ్ళ మలం తాలూకు క్రిములు ఉన్నాయి.

మొన్న రాత్రి మావాడి ఫోన్. "అన్నా, ఏడోది ఫ్రీగా వచ్చింది. నీ పేరు రాయించనా?"

"రాయించు. ఒక్కటి మాత్రం కనుక్కో. నా ముందు వెళ్ళినాయనకు వాడిన గొట్టాన్ని ఏం చేస్తారో అడుగు."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

"అలాంటివన్నీ ఎలా అడుగుతాం అన్నా" అన్నాడు. "మొహమాటంగా ఉండదూ?"