మొగుడూ పెళ్ళాల గొడవలో మూడో మనిషి దూరాలా వద్దా?

పోయిన వారం నుంచి మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. మొగుడూ పెళ్ళాల మధ్య మూడో మనిషి దూరితే కాపురం కూలిపోతుంది. తాగుడు మానిపిస్తే కొట్టడం అదే ఆగుతుంది. ఇప్పటి ఆడపిల్లలకి ఓర్పు లేదు. కేసులన్నీ మగాణ్ణి జైల్లో పెట్టించడానికే. ఏదున్నా ఊరి పెద్దల్లో పెట్టుకుంటే చాలు. ఇవీ అందులో ఉన్న ఐదు ముక్కలు. కింద రెండు దణ్ణాల బొమ్మలు, 'పది మందికి పంపండి' అని. నేను పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో పందొమ్మిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. గ్రూపులో రెండు ముక్కలు జవాబు పెట్టేసరికి 'అన్నయ్యా, మనకెందుకు' అని మూడు ఫోన్లు వచ్చాయి. అందుకని ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, మూడో మనిషి. అసలు ఆ పెళ్ళిలో ఎంతమంది మూడో మనుషులున్నారో లెక్కపెట్టారా? సంబంధం తెచ్చిన పేరయ్య, కట్నం దగ్గర బేరమాడిన మేనమామ, ఆడపడుచు లాంఛనాలు తక్కువయ్యాయని అలిగిన పిన్నత్త, పప్పులో ఉప్పు లేదని తిట్టిపోయిన మనందరం. అప్పుడు అడ్డం రాని మూడో మనిషి ఆ పిల్ల మీద చెయ్యి పడ్డప్పుడే ఎందుకు అడ్డమొస్తాడు?

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీతులు చెప్పినట్టుంటుంది. కొన్నేళ్ళ క్రితం మా పక్క వాటాలో ఒక జంట అద్దెకుండేవాళ్ళు. రాత్రి తొమ్మిదిన్నరకి గోడ అవతల కంచం విసిరేసిన చప్పుడు, తర్వాత ఆ పిల్ల గొంతు. నేను టీవీ సౌండ్ పెంచాను. అంతే చేశాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ షాపుకొచ్చి, బాత్రూంలో జారిపడ్డానండీ, దెబ్బకి ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వండి అంది. జబ్బ మీద నాలుగు వేళ్ళ అచ్చు నల్లగా కమిలిపోయి ఉంది. బాత్రూం గచ్చుకి వేళ్ళుండవు కదా. ట్యూబ్ ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

మా ఆవిడ నాకంటే నయం. వాళ్ళ పాపని ఎప్పుడో పిలిచి, అమ్మకి బాగోకపోతే గ్లాసు పట్టుకుని పెరుగుకి తోడు కావాలని వచ్చెయ్యమ్మా అని చెప్పిందట. ఆ తర్వాత రాత్రిళ్ళు ఆ పాప ఖాళీ స్టీలు గ్లాసుతో గుమ్మంలో నిలబడితే, ఈవిడ గిన్నెలో చెంచాడు పెరుగేసుకుని వాళ్ళ తలుపు కొట్టేది. లోపలికెళ్ళి గ్యాస్ బండ రాలేదనీ రొయ్యల రేటు పడిపోయిందనీ ఏదో ఒకటి పది నిమిషాలు మాట్లాడుతూ నిలబడేది. ఆయనగారు చొక్కా వేసుకుని బయటికి పోయేవాడు. దాంతో ఏమీ మారిపోలేదు, ఆ రాత్రికి ఆగేది, అంతే. ఆవిడ ఆధార్, బ్యాంకు పుస్తకం, పాప స్టడీ సర్టిఫికెట్, ఒక గొలుసు, అన్నీ ఒక సంచిలో పెట్టి మా బీరువాలో ఉంచాం. ఎనిమిది నెలలకి ఆ సంచి అక్కరకొచ్చింది. ఆవిడ ఇప్పుడు ఎక్కడుందో రాయను.

కూలిన కాపురం ఏదైనా ఉంటే ఆ కంచం విసిరిన రోజే కూలింది, మేం వెళ్ళి కూల్చింది కాదు. ఇంకో మాట, మూడో మనిషికి చట్టమే చోటిచ్చింది. 2005 గృహ హింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఒక ఇంట్లో హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారికి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. అలాగని వెళ్ళి నడిబజారులో వాడి కాలర్ పట్టుకోకండి, ఆ అవమానం రాత్రికి ఆవిడ వీపు మీదే దిగుతుంది. ఏం కావాలో ముందు ఆవిణ్ణే అడగాలి.

తాగుడు ముక్క. ఎంత తాగినా ఎస్సైని కొట్టినవాణ్ణి నేను చూడలేదు, ఇంటికెళ్ళేదాకా ఓపిక పట్టి ఇంట్లోనే కొడతాడు. పైగా నరసాపురం, రాజోలు వైపు ఎన్నో ఇళ్ళల్లో మగాడు గల్ఫ్‌లో ఉంటాడు, ఇక్కడ మందూ లేదు మొగుడూ లేడు. అత్తగారు ఫోన్ లాక్కోవడం, పంపిన డబ్బులు చేతికివ్వకపోవడం, వీడియో కాల్‌లో గదంతా తిప్పి చూపించమనడం, ఇదంతా హింసే. ఈ చట్టం కింద అత్త మీద, ఆడపడుచు మీద కూడా ఫిర్యాదు చెయ్యొచ్చని సుప్రీంకోర్టు 2016లో తేల్చేసింది.

ఓర్పు లేదన్న మాటకి నాకు నవ్వొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం మంది ఆడవాళ్ళు, ఏదో ఒక కారణానికి భర్త కొడితే తప్పులేదని వాళ్ళ నోటితోనే చెప్పారు. అదే సర్వేలో మన దగ్గర పెళ్ళయిన ఆడవాళ్ళలో పది మందికి ముగ్గురు భర్త చేతిలో హింస పడ్డవాళ్ళు. దేశం మొత్తం మీద దెబ్బలో లైంగిక హింసో ఎదుర్కొన్నవాళ్ళలో సహాయం అడిగింది 14 శాతమే. ఇంతకంటే ఓర్పు ఎక్కణ్ణుంచి తేవాలి, సామర్లకోట సంతలో కొనాలా? 'మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట' అని సామెత చెప్పి మనం కూడా నవ్వుతాం. ఆ సామెతలో తప్పెవరిదో చిన్నప్పటి నుంచీ తప్పుగానే విన్నాం. నవ్వినవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడరు.

దొంగ కేసుల సంగతి. లేవని నేననను. భర్తా అత్తింటివాళ్ళూ పెట్టే హింసని నేరంగా చూసే పాత శిక్షాస్మృతి సెక్షన్ 498ఎ దుర్వినియోగం అవుతోందని సుప్రీంకోర్టే 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో అంది, ఫిర్యాదు రాగానే అరెస్టు చెయ్యొద్దని పోలీసులకి చెప్పింది కూడా. ఆ సెక్షనే 2024 జూలై నుంచి, ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. కానీ మెసేజ్ రాసినాయన రెండు చట్టాలు కలిపేశాడు. గృహ హింస చట్టం జైల్లో పెట్టించడానికి వచ్చింది కాదు. మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెడితే మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వెయ్యాలి. కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, ఖర్చులకి ఇంత ఇవ్వమని ఆర్డర్లు ఇస్తారు. కొట్టకూడదన్న రక్షణ ఆర్డర్ మీరినప్పుడే ఏడాది దాకా జైలో, 20,000 దాకా జరిమానానో, రెండూనో. జైలు వద్దు, దెబ్బలు ఆగితే చాలనుకునే ఆడవాళ్ళకి ఇది పనికొస్తుంది, అలాంటివాళ్ళే ఎక్కువమంది. లాయరు ఫీజు టెన్షన్ అక్కర్లేదు, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది, నంబరు 15100.

ఇక ఊరి పెద్దలు. రామాలయం అరుగు ముందు ప్లాస్టిక్ కుర్చీలు, పెద్దలు కూర్చుంటారు, వాడూ కూర్చుంటాడు, ఆవిడ మాత్రం స్తంభం పట్టుకుని నిలబడుతుంది. 'నువ్వేమన్నావమ్మా ముందు?' అని మొదలెడతారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇకపై కొట్టనని సంతకం, పెద్దలకి టీలు. 2006లో వచ్చిన గృహ హింస నిబంధనల ప్రకారం కోర్టు పంపిన కౌన్సెలింగ్‌లో, ఆవిడ ఎదురు మాట్లాడింది కాబట్టి కొట్టానని మగాడు సమర్థించుకోవడానికే వీల్లేదు. మా అరుగు మీద మొదటి ప్రశ్నే అది! పెద్దరికం గొప్పదే, కాదనను. కానీ 1881లో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వెలేస్తామన్నదీ పెద్దలే.

మెసేజ్‌లో పెట్టాల్సిన నంబరు ఒకటి మర్చిపోయారు, 181. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్, రాత్రయినా పగలయినా. ప్రాణం మీదికొస్తే 112. హింస పడ్డ ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రానికి చేరితే ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, వైద్యం, పోలీసు, లాయరు అక్కడి నుంచే చూస్తారు. ఆ 181ని మొదట్లో మందుల కవర్ల మీద స్టాంపు వేయిద్దామనుకున్నాను. మా ఆవిడ, ఆ కవరు మొగుడి చేతిలో పడితే? అంది. నిజమే. ఇప్పుడు చిన్న చీటీ మీద రాసి షాపులో శానిటరీ ప్యాడ్లు పెట్టే అర పక్కన అంటించాను. మగాళ్ళు అటు చూడరు.