మిక్సీ ఎగరేసిన సూప్

ఆ శనివారం మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. రాత్రికి వంట నాది, తేలిగ్గా సూప్ చేస్తానన్నాను. అమ్మ నన్ను జాలిగా చూసింది, వంటింటి వైపు ఇంకా జాలిగా చూసింది.

నా ధైర్యమంతా అద్దాల బీరువాలోని ఆరు సూప్ గిన్నెలే. పెళ్ళికి ఎవరో ఇచ్చారు. పదకొండేళ్ళుగా పండక్కి తుడవడం, మళ్ళీ సర్దడం తప్ప వాటి మొహాన సూప్ చుక్క పడలేదు.

పనేమంత బ్రహ్మవిద్య కాదు. రెండు క్యారెట్లు, నాలుగు టమాటాలు, ఒక ఉల్లిపాయ, కాస్త సొరకాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిక్కదనానికి ఒక బంగాళాదుంప. కుక్కర్లో మూడు విజిల్స్. మూత తీయగానే వచ్చిన వాసనకి నలుడూ భీముడూ నా ముందు బలాదూర్ అనిపించింది.

"చల్లారనివ్వరా. పచ్చడి ముక్కలే చల్లారాక గానీ మిక్సీలో వెయ్యం" అంది అమ్మ, సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే.

"సూప్ వేడివేడిగా తాగాలమ్మా. చల్లార్చి మళ్ళీ కాచడమెందుకు, గ్యాస్ దండగ!"

పొగలు కక్కుతున్నదాన్ని పెద్ద జారులో మెడదాకా పోసి, మూత బిగించాను. మా మిక్సీ నాబ్ ఎడమకి తిప్పితే ఒక్క విసురు విసిరి ఆగుతుంది, కుడికి ఒకటి, రెండు, మూడు. మెత్తగా రావాలిగా, ఏకంగా మూడుకి తిప్పాను.

ఫట్!

మూత ఎటు పోయిందో తెలీదు. సూప్ ఎటు పోయిందో మాత్రం బాగా తెలిసింది. సగం సీలింగుకి, పావు గోడకి, మిగతాది నాకు. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు కావాలని ఇంటర్‌లో చదువుకున్నాను. బ్లేడు ఆ వేడినీళ్ళని గిలక్కొడితే ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది, జారులో చూస్తే వేలెడు ఖాళీ లేదు. మూత మాత్రం ఏం చేస్తుంది పాపం! ఫిజిక్స్‌లో నా మార్కుల సంగతి ఇప్పుడెందుకు లెండి.

కళ్ళజోడు పుణ్యమా అని కళ్ళు దక్కాయి. చెయ్యి చురుక్కుమంటే కుళాయి కింద పెట్టి, తల తిప్పి చూద్దును కదా, గోడ మీది తెలుగు క్యాలెండర్లో ఆ రోజు గడిలో, సరిగ్గా దుర్ముహూర్తం అన్న చోట, ఒక క్యారెట్ తునక అతుక్కుని ఉంది. చూసి పెట్టినట్టే ఉంది, దాన్ని తుడవడానికి మనసొప్పలేదు.

అమ్మ వచ్చింది. సీలింగు చూసింది, నా చెయ్యి చూసింది, "బొబ్బ లేవలేదులే" అంది. తిట్టలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. కుక్కర్లో మిగిలినదాన్ని మేకుకి వేలాడే పప్పుగుత్తి తీసి నాలుగు తిప్పులు తిప్పింది. రెండు నిమిషాల్లో వెన్నలా అయిపోయింది. కరెంటు లేదు, మూత లేదు, ఆవిరి దారిన ఆవిరి పోయింది.

"ఇందులో ఇంకేం వేస్తావు?"

"ఉప్పూ మిరియాల పొడీ. అంతే."

"జ్వరమొచ్చిన వాళ్ళ తిండిలా!" అంటూ ఇంత చింతపండు రసం పోసి మరగనిచ్చింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు చుయ్‌మన్నాయి. అన్నంలో కలుపుకుని ఇద్దరం రెండేసి సార్లు వడ్డించుకున్నాం. నా వంటల్లో ఇంత బాగా కుదిరింది మరొకటి లేదు.

తొమ్మిదింటికి మా ఆవిడ మెసేజ్: "సూప్ ఏదీ, ఫొటో పెట్టండి."

బీరువాలోంచి ఒక గిన్నె దించి, అడుగున మిగిలిన పులుసు అందులో పోసి, పైన కొత్తిమీర చల్లి, ఫొటో తీసి పంపాను. అక్కడ ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారట. ఎలా చేశారో రాయమని మరదలు అడిగింది. "చివర్లో చిటికెడు ఇంగువ" అని గంభీరంగా రాశాను.

ఆ వెంటనే మా ఆవిడ నుంచి ఇంకొకటి వచ్చింది.

"ఏవండీ, ఆ గిన్నె వెనకాల క్యాలెండర్ మీద ఎర్రగా ఏమిటది?"