కాఫీ పుట్టింటికి కాఫీ పొడి

పరాయి దేశం వెళ్ళేముందు దాని గురించి నాలుగు ముక్కలు తెలుసుకోవాలని కొందరు మేధావులు ప్రచారం చేస్తున్నారు. దీన్ని మొగ్గలోనే తుంచాలి. తెలుసుకుంటే అనుమానాలొస్తాయి, అనుమానాలొస్తే సూట్‌కేసు సర్దడం కుదరదు. ప్రయాణానికి కావలసిన జ్ఞానం ఒక్కటే: లగేజీ ఎన్ని కిలోలు?

మా బావమరిది ఈ సంప్రదాయాన్ని నిలబెట్టాడు. ఇథియోపియాలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మన తెలుగు మాస్టార్లు చాలామంది పనిచేసి వచ్చిన దేశమే. ఒక్కరినీ అడగలేదు. "ఆఫ్రికా కదా బావా, మాడిపోతాం" అని అరడజను పల్చటి కాటన్ చొక్కాలు, రెండు టోపీలు పెట్టుకున్నాడు. మా అత్తగారు ఐదు కిలోల కందిపొడి, రెండు కిలోల కాఫీ పొడి ఇరికించారు. కాఫీ మొక్క పుట్టిందే ఆ కొండల్లో అని పాపం ఆ ప్యాకెట్‌కు తెలీదు.

ఆ దేశ రాజధాని అడిస్ అబాబా 2,300 మీటర్ల ఎత్తున ఉంది, మన ఊటీ కంటే పైన. దిగిన రాత్రి మనవాడు చొక్కా మీద చొక్కా తొడుక్కుని పడుకున్నాడు.

మర్నాడు "రెండు గంటలకు మీటింగ్" అన్నారు. భోంచేసి, కునుకు తీసి, ఠంచనుగా వెళ్తే గదికి తాళం. అక్కడ గంటలు పొద్దు పొడిచినప్పట్నుంచి లెక్క. రెండంటే మన ఉదయం ఎనిమిది. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టిన తాతల మనవడికి ఇది మహా వింతగా తోచింది. ఏడాదికి పదమూడు నెలలన్నా నోరు తెరిచాడు. మనకు అధికమాసమొస్తే పదమూడు కావూ? వాళ్ళకు పగుమే అని ఐదారు రోజుల బుల్లి నెల ఏటా వస్తుంది, అంతే తేడా. వాళ్ళ సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనకుందన్న సంగతి మాత్రం వెంటనే నచ్చింది. సంబంధాలు చూస్తున్నాం మరి.

స్టాఫ్ రూములో మర్యాదకని "మీకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించిన దేశమది. 1936లో ముస్సోలినీ మళ్ళీ వచ్చి ఐదేళ్లు కూర్చున్నాడు, అంతకుమించి సాగలేదు. "పోతే కదా రావడానికి" అన్నాడట ఒక పెద్దాయన. ఆ పెద్దాయన్ని మనవాడు నెల్లాళ్ళూ రెండో పేరుతోనే పిలిచాడు, ఇంటిపేరనుకుని. అక్కడ రెండో పేరు తండ్రిది. అంటే ఎదురుగా ఉన్నాయన్ని వదిలేసి, రోజూ వాళ్ళ నాన్నగారికి గుడ్‌మార్నింగ్ చెప్పాడన్నమాట.

ఆయనే ఒక బుధవారం భోజనానికి పిలిచాడు. మాంసం పెడతారేమోనని మనవాడు జేబులో కందిపొడి పొట్లంతో వెళ్ళాడు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాస నియమంతో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. పళ్ళెం నిండా ఇంజెరా పరిచారు: టెఫ్ అనే సన్నటి చిరుధాన్యం పిండి రోజుల తరబడి పులియబెట్టి, ఒకే వైపు కాల్చిన చిల్లుల అట్టు. దాని మీద కారంకారంగా మసూర్ పప్పు, శనగపిండితో చేసిన షిరో. పప్పుల దేశానికి పప్పు పొడి మోసుకెళ్ళాడు మా వాడు. ఇంటావిడ ముద్ద చుట్టి నోటికందించింది. గుర్షా అంటారు, మన గోరుముద్దే. వీడు బిగుసుకుపోయి చెయ్యి చాపాడు.

తర్వాత కాఫీ. పచ్చి గింజలు ఎదురుగానే వేయించి, ఆ పొగ అందరికీ చూపించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న కప్పుల్లో పోశారు. మూడు విడతలు తాగాలి. మూడోదాని పేరు బరకా, అంటే దీవెన. మనవాడు మొదటి కప్పు కాగానే థాంక్స్ చెప్పి లేచి చెప్పులేసుకున్నాడు.

ముందే అన్నీ తెలుసుకుని ఉంటే ఇన్ని అనుభవాలు దక్కేవా?

నిన్న ఫోన్ చేశాడు. కాఫీ పొడి ప్యాకెట్ ఇంకా విప్పలేదట. ఎవరైనా వస్తుంటే రెండు స్వెటర్లు పంపమన్నాడు. మా అత్తగారు వాటి మధ్యలో మరో కిలో కందిపొడి సర్దుతున్నారు.