పామూ క్షేమం, కర్రా క్షేమం

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. అమెరికాలో గవర్నరంటే రాజ్‌భవన్‌లో కూర్చుని తేనీటి విందులిచ్చే పెద్దమనిషి కాదు. ఊరూరా తిరిగి ఓట్లడిగి గెలిచి, బడ్జెట్ రాసి, మంచు పడ్డ రోజున రోడ్లు ఊడ్పించలేదని తిట్లు తినే మనిషి. మన లెక్కలో ముఖ్యమంత్రి. వాళ్లలో మధ్యేమార్గ గవర్నర్ అనే జాతి అంతరించిపోతోందని అక్కడ చాలామంది బెంగపెట్టుకున్నారు. అది ఎలా పుడుతుందో, ఏం తిని బతుకుతుందో, ఏ గాలి సోకితే పోతుందో భావితరాల కోసం రాసిపెట్టడం మన విధి. నమూనాగా మేరీల్యాండ్‌ను 2015 నుంచి 2023 దాకా ఏలిన లారీ హోగన్ గారిని తీసుకుందాం.

ఈ జాతికి కావలసిన మొట్టమొదటి వస్తువు బలమైన ప్రతిపక్షం. హోగన్ రిపబ్లికన్. మేరీల్యాండ్‌లో నమోదైన ఓటర్లలో ఒక రిపబ్లికన్‌కు ఇద్దరు డెమొక్రాట్లు. రాజధాని అన్నాపొలిస్‌లో దిగువసభకు 141 మంది, సెనెట్‌కు 47 మంది. గవర్నర్ వీటోను కొట్టేయడానికి ఐదింట మూడు వంతులు, అంటే కింద 85, పైన 29 చాలు. ఆయన ఉన్న ఎనిమిదేళ్లూ డెమొక్రాట్లకు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. పామరులు దీన్ని బలహీనత అనుకుంటారు. శాస్త్రం తెలిసినవాళ్లకు ఆయుష్షంతా ఇందులోనే ఉంది.

ఎలాగంటే, బిల్లు బల్ల మీదకు వస్తే గవర్నర్‌కు మూడు దారులు. సంతకం పెట్టొచ్చు. వీటో చేయొచ్చు. మూడోది అసలైన విద్య: ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. గడువు దాటగానే బిల్లు తనంతట తానే చట్టమైపోతుంది. పెళ్లి జరిగిపోతుంది, శుభలేఖ మీద మాత్రం ఆయన పేరుండదు.

ఇక వీటో సంగతి. 2017లో జీతంతో కూడిన అనారోగ్య సెలవుల బిల్లును వీటో చేశారు. 2018 జనవరిలో సభ మళ్లీ కూర్చోగానే ఆ వీటోను కొట్టేసింది. 2019లో కనీస వేతనాన్ని దశలవారీగా గంటకు 15 డాలర్లకు చేర్చే బిల్లును వీటో చేశారు. రెండు రోజులు తిరక్కుండానే దాని గతీ అంతే అయింది. నష్టపోయిందెవరు? దుకాణం యజమాని మనవాడు మన కోసం నిలబడ్డాడనుకున్నాడు. అదే దుకాణంలో కుర్రాడికి జీతం పెరిగింది. ఇద్దరికీ గవర్నర్ మీద కోపం లేదు. సొంత పార్టీకి మెజారిటీ ఉండుంటే ఆ వీటోలు నిలబడేవి, వాటి బరువంతా ఆయనే మోయాల్సి వచ్చేది. పాపం, ఈ రహస్యం తెలియని రిపబ్లికన్లు 2018లో సెనెట్‌లో ఇంకో ఐదు సీట్లు గెలిచి ఆయన వీటోకు ప్రాణం పోద్దామని ప్రత్యేక ఉద్యమమే నడిపారు. ఓటర్లు వాళ్లకన్నా తెలివైనవాళ్లు. హోగన్‌కు 55 శాతం ఓట్లిచ్చారు, 1954 తర్వాత అక్కడ రెండోసారి గెలిచిన రిపబ్లికన్ గవర్నర్ ఆయనే. ఆ ఐదు సీట్లు మాత్రం ఇవ్వలేదు.

తర్వాత కావలసింది ఒక మంచి పేరు, మనిషికి కాదు, పన్నుకు. మేరీల్యాండ్ పక్కనున్న చెసపీక్ బే అనే అఖాతం శుభ్రపడాలంటే వాన నీటితో కొట్టుకొచ్చే మురికి ఆగాలని 2012లో ఒక చట్టం చేశారు. మన జిల్లాల్లాంటి తొమ్మిది పెద్ద కౌంటీలు, బాల్టిమోర్ నగరం కలిసి నీరు ఇంకని నేలను, అంటే ఇంటికప్పు, సిమెంటు వాకిలి, పార్కింగ్ తారును లెక్కగట్టి రుసుము వసూలు చేయాలి. ఫ్రెడరిక్ కౌంటీ ఈ చట్టాన్ని ఎంత భక్తితో పాటించిందంటే, ఒక్కో ఆస్తికి అక్షరాలా ఒక్క సెంటు వేసింది. ప్రత్యర్థులు దీనికి వాన పన్ను అని పేరు పెట్టారు. హోగన్ ఆ పేరును ఇంటింటికీ మోసి 2014లో గెలిచారు. 2015లో రుసుము తప్పనిసరి అన్న మాట చట్టంలోంచి తీసేశారు. మురికి ఆపే పని మాత్రం తప్పనిసరి, దానికి డబ్బెక్కడిదో కౌంటీలు లెక్క చూపించాలి. పన్ను పోయింది, ఖర్చు పోలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను మనమూ చూశాం గానీ, వానకు కూడా సొంత గొడుగు తయారు చేసుకున్నవాళ్లు తక్కువ.

అయితే ఈ ప్రాణికి అందరూ ఒకేలా ప్రియం కారు. 2015 ఏప్రిల్‌లో పోలీసు కస్టడీలో గాయపడి ఫ్రెడీ గ్రే అనే నల్లజాతి యువకుడు చనిపోయాడు, బాల్టిమోర్ తగలబడింది, నేషనల్ గార్డు అనే రాష్ట్ర రిజర్వు సైన్యం దిగింది. రెండు నెలలకు, అదే ఊరికి తూర్పు పడమరలు కలిపే 14 మైళ్ల రెడ్ లైన్ రైలును హోగన్ రద్దు చేశారు. అంచనా వ్యయం 290 కోట్ల డాలర్లు. కేంద్రం ఇస్తానన్న 90 కోట్లూ వద్దన్నట్టే. అదే రోజు వాషింగ్టన్ శివార్లలోని పర్పుల్ లైన్‌కు మాత్రం, రాష్ట్రం వాటాను బాగా కోసి, సరేనన్నారు. అది 2022లో నడవాలి. 2020లో కట్టే కంపెనీ చేతులెత్తేసి వెళ్లిపోయింది. తాజా గడువు 2027. రెండు రైళ్లలో ఒకదాన్ని ఆపి, రెండోదాన్ని ఆలస్యం చేస్తే అటు రైలు ప్రియులకూ ఇటు రైలు విరోధులకూ సమన్యాయం జరిగినట్టే కదా.

ఒక్కచోట వ్యంగ్యం పక్కన పెట్టాలి. ఆ 2015 జూన్‌లోనే హోగన్‌కు లింఫ్ కణుపుల క్యాన్సర్ బయటపడింది, అప్పటికే మూడో దశ. కీమో తీసుకుంటూ, జుట్టు పోయిన తలతోనే పనిచేశారు. నవంబరుకల్లా జబ్బు అణిగింది. అది నిజమైన ధైర్యం. 2017లో ఫ్రాకింగ్, అంటే నేల లోతుల్లో రాళ్లు పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతి, నిషేధంపై చేసిన సంతకమూ నిజమైనదే.

మళ్లీ మన పనికి వద్దాం. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ పరీక్షలు ఎక్కడా దొరకని రోజుల్లో, కొరియాలో పుట్టిన భార్య యూమీ గారి చేత మాట్లాడించి, దక్షిణ కొరియా నుంచి 5 లక్షల పరీక్షలకు సరిపడా కిట్లు తెప్పించారు. ఖర్చు 90 లక్షల డాలర్ల పైచిలుకు. సొంత పార్టీ అధ్యక్షుడి ప్రభుత్వం లాక్కుపోతుందేమోనని నేషనల్ గార్డును కాపలా పెట్టి, ఎక్కడ దాచారో చెప్పలేదు. అమోఘమైన ఘట్టం. ఆ కిట్లు పనికిరావని తేలి, మరో 25 లక్షల డాలర్లు కట్టి వేరేవి మార్పించుకున్నారన్న సంగతి బయటపడేసరికి నెలలు గడిచిపోయాయి. చల్లకొచ్చి ముంత దాచినవాళ్లను చూశాం. ఇక్కడ చల్ల విరిగిపోయినా ముంతకు కాపలా తప్పలేదు.

ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చారంటే, ఇంట్లోనే. తండ్రి లారెన్స్ హోగన్ 1974లో కాంగ్రెస్ సభ్యుడు. అధ్యక్షుడు నిక్సన్ అభిశంసన మీద న్యాయ కమిటీ ఆమోదించిన మూడు అభియోగాలకూ ఓటేసిన రిపబ్లికన్ ఆయనొక్కడే. ఆ ఏడాదే గవర్నర్ పదవికి పార్టీ టికెట్ అడిగితే ఓడించారు. కొడుక్కి పాఠం ఒంటబట్టింది. 2016లో ట్రంప్‌కు ఓటేయకుండా బ్యాలెట్ మీద తండ్రి పేరు రాశారు. 2020లో మాజీ అధ్యక్షుడు రీగన్ పేరు రాశారు, ఆయన 2004లోనే కాలం చేశారు. మధ్యేమార్గంలో ఇంతకన్నా మధ్యస్థమైన అభ్యర్థి దొరకడు: గెలవడు, ఓడడు, ఎవరినీ నొప్పించడు.

వరుసగా రెండు దఫాలే పరిమితి కాబట్టి 2022లో వారసుడు కావాల్సి వచ్చింది. హోగన్ తన మంత్రివర్గంలో పనిచేసిన కెల్లీ షుల్జ్‌ను నిలబెడితే, పార్టీ ఓటర్లు డాన్ కాక్స్‌ను ఎంచుకున్నారు. కాక్స్ అంతకు కొన్ని నెలల ముందే హోగన్‌ను అభిశంసించాలని తీర్మానం పెట్టిన సభ్యుడు. నవంబరులో డెమొక్రాట్ వెస్ మూర్ చేతిలో చిత్తుగా ఓడాడు. మూర్‌తో పాటు లెఫ్టినెంట్ గవర్నర్‌గా, మన లెక్కలో ఉపముఖ్యమంత్రిగా, గెలిచిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టినావిడ, రవాణా పనులు చూసిన సివిల్ ఇంజనీరు. 2023లో కొత్త ప్రభుత్వం రెడ్ లైన్ ఫైలుకు దుమ్ము దులిపింది.

ఆఖరున హోగన్ చేసిన పొరపాటు ఒక్కటే: అన్నాపొలిస్ నుంచి 30 మైళ్ల దూరంలో ఉన్న వాషింగ్టన్‌కు, అంటే దేశ సెనెట్‌కు, బయల్దేరడం. గవర్నర్ ఇంటి తాళం లాంటివాడు, ఏ పార్టీ ఇనుముతో చేశారని ఎవరూ అడగరు. సెనెటర్ 100లో ఒక అంకె, ఆ అంకె ఏ పక్షాన పడుతుందన్నదే ప్రశ్న. మసాచుసెట్స్‌లో 1994లో 71 శాతంతో గెలిచిన విలియం వెల్డ్ రెండేళ్లకే సెనెట్ పోటీలో ఓడారు. టెనెసీలో 2006లో మొత్తం 95 కౌంటీలూ గెలిచిన ఫిల్ బ్రెడెసన్‌కు 2018లో అదే గతి. అయినా హోగన్ 2024లో దిగారు. మే నెలలో ట్రంప్ మీద జ్యూరీ తీర్పు రాబోతుంటే, ఏదొచ్చినా గౌరవించండని ఒక మాటన్నారు. ట్రంప్ మనుషులు నీ పని అయిపోయిందన్నారు. కొన్నాళ్లకు ట్రంపే ఈయన గెలవాలన్నారు. ఏది ఎక్కువ నష్టమో తేల్చుకోవడానికి హోగన్‌కు వేసవి సరిపోలేదు.

2018లో గవర్నర్‌గా గెలిచినప్పుడు ఆయనకు పడ్డవి సుమారు 12 లక్షల 75 వేల ఓట్లు. 2024లో 12 లక్షల 90 వేలు. అంటే అభిమానులెవరూ తగ్గలేదు, కాస్త పెరిగారు కూడా. డెమొక్రాట్ ఏంజెలా ఆల్సోబ్రూక్స్‌కు పడ్డవి 16 లక్షల 50 వేలు.