కడుపు నిండా అన్నం, కురచగా బిడ్డ

ఇండోనేషియాలోని బాలి నుంచి తూర్పుకు విమానంలో రెండు గంటల లోపే కుపాంగ్ చేరుకోవచ్చు. అది తూర్పు నుసా తెంగ్గారా ప్రావిన్సుకు రాజధాని. రెండు చోట్లా ఒకే ప్రభుత్వం, ఒకే ఆరోగ్య శాఖ, ఒకే టీకాల పట్టిక. అయినా 2023 జాతీయ ఆరోగ్య సర్వే లెక్కల్లో బాలిలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 7.2 శాతం, తూర్పు నుసా తెంగ్గారాలో 37.9 శాతం. ఇండోనేషియా పల్లెల ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే ఈ రెండు అంకెల మధ్య దూరం నుంచే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది. దేశం మొత్తానికి కలిపి చెప్పే సగటు ఆ దూరాన్ని కప్పేస్తుంది.

సగటు మాటకొస్తే ఆ దేశం సాధించింది తక్కువేమీ కాదు. 2013లో గిడసబారిన పిల్లలు 37.2 శాతం ఉండేవాళ్లు. 2018కి అది 30.8కి, 2021లో 24.4కి, 2024లో 19.8కి దిగింది. పదిహేడు వేల దీవుల దేశంలో పదకొండేళ్లలో సగానికి దగ్గరగా తగ్గడం పెద్ద విషయమే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పిల్లలు 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణలో అంతకుముందు సర్వే కంటే పెరిగారు కూడా. కాబట్టి ఇక్కడ కూర్చుని అక్కడివాళ్లకు పాఠం చెప్పే అర్హత మనకు లేదు, వాళ్ల దగ్గర నేర్చుకునేదే ఎక్కువ. అయితే 2024 నాటికి 14 శాతానికి దించుతామన్న వాళ్ల లక్ష్యం నెరవేరలేదు. ఆ మిగిలిపోయినదంతా ఎక్కడుందో, ఎందుకుందో చూడాలి.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. గిడసబారడమంటే తిండి దొరక్క మాడిపోవడం కాదు. ఇండోనేషియా పల్లెల్లో చాలా ఇళ్లలో రోజూ పొయ్యి వెలుగుతుంది, బిడ్డ కడుపూ నిండుతుంది. నిండేది దేనితో అన్నదే ప్రశ్న. గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర లేని అన్నం ఆకలి తీరుస్తుందే కానీ ఎముకను పెంచదు. దానికితోడు నెలకోసారి విరేచనాలు పట్టుకుంటే తిన్న కాస్త సారం కూడా ఒంటికి పట్టదు. కడుపులో పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా ఉన్న వెయ్యి రోజుల్లో పోగొట్టుకున్న ఎత్తు ఆ తర్వాత చాలావరకు తిరిగిరాదు. ఎత్తుతో పాటు మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది కాబట్టే ఇది కేవలం పొడుగు, పొట్టి గొడవ కాదు.

అన్నం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. తెల్ల అన్నం ఒక్కటే సరిపోదని ప్రపంచానికి మొదట తెలిసిందే ఈ గడ్డమీద. 1890ల్లో బతావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, సైనిక ఆస్పత్రి ప్రయోగశాలలో పనిచేసిన డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మాన్ తన కోళ్లకు కాళ్లు చచ్చుబడటం గమనించాడు. వాటికి ఆస్పత్రి వంటింట్లో మిగిలిన పాలిష్ అన్నం పెట్టేవాళ్లు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నం ఈ కోళ్లకెందుకని ఆపేశాడు. మామూలు ముడిబియ్యం తిన్న కోళ్లు కొన్నాళ్లకు లేచి తిరిగాయి. తవుడుతో పాటు పోతున్నది ఏమిటో తర్వాతి శాస్త్రవేత్తలు విటమిన్ బి1గా తేల్చారు. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. ఆ విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు గుట్టు విప్పిన ఆ దేశమే తర్వాతి కాలంలో దీవి దీవికీ తెల్లబియ్యాన్ని మోసుకెళ్లింది.

అధ్యక్షుడు సుహార్తో పాలనలో బియ్యం రాజకీయ ప్రతిష్ఠగా మారింది. మేలురకం విత్తనాలు, ఎరువులు, సాగునీరు ఇచ్చి 1984లో దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిందని ప్రకటించారు. మరుసటేడు సుహార్తో రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేదికపై ఆ విజయం గురించి మాట్లాడాడు. 1960ల కరవు చూసిన జావా దీవికి అది నిజంగానే గొప్ప రోజు, దాన్ని తక్కువ చేయను. చిక్కంతా జావా కంచాన్ని దేశమంతటికీ కొలమానం చేయడంలో ఉంది. పపువా, మలుకు దీవుల్లో సాగో చెట్టు బోదెను దంచి తీసిన పిండి ముఖ్య ఆహారం. తూర్పు నుసా తెంగ్గారాలోని తిమోర్, సుంబా, ఫ్లోరెస్ దీవుల్లో జొన్న, మొక్కజొన్న, దుంపలు. తిమోర్‌లో దంచిన మొక్కజొన్నను చిక్కుళ్లతో కలిపి ఉడికించే జాగుంగ్ బోసె అనే వంటకం ఇప్పటికీ ఉంది. గింజ, పప్పు ఒకే కుండలో ఉడికే తిండి అది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకు జీతంలో భాగంగా బియ్యం ఇచ్చారు. 1998 ఆర్థిక సంక్షోభం నుంచి పేదలకు చౌకబియ్యం వచ్చింది. అన్నం తినేవాడు అధికారి, మొక్కజొన్న తినేవాడు బీదవాడు అన్న భావం నెమ్మదిగా పాతుకుపోయింది. అన్నం తినకపోతే అసలు భోజనమే చేయనట్టు అని ఇండోనేషియాలో ఒక మాట ఉంది. మన ఊళ్లో రొట్టె తిన్నా, ఉప్మా తిన్నా అమ్మ మళ్లీ 'అన్నం తిన్నావా?' అని అడుగుతుంది కదా, అచ్చం అలాగే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో రాగి సంకటి, జొన్న రొట్టె ఎలా వెనక్కి తగ్గాయో చూసినవాళ్లకు తిమోర్ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిమోర్, సుంబా నేలల్లో వాన పడేది నాలుగు నెలలే. మిగిలిన ఎనిమిది నెలలు ఎండే. వరి అక్కడ అంతంతమాత్రంగా పండుతుంది. సొంత చేలో పండని తిండికి అలవాటు పడ్డ ఇల్లు డబ్బుకు బందీ అవుతుంది. కొత్త పంట చేతికి రాకముందు, పాత గింజలు అయిపోయిన నెలల్ని అక్కడ 'లాపార్ బియాసా' అంటారు. మామూలు ఆకలి అని అర్థం. ఆకలికి మామూలు అనే పేరు పెట్టుకోవాల్సిరావడం నన్ను చాలా కాలంగా వెంటాడుతున్న మాట. ఆ నెలల్లో అన్నంలోకి కూర ఉండదు. చాలా ఇళ్లలో అన్నంలోకి నంచుకునేది ఇన్‌స్టంట్ నూడుల్స్. ఏడాదికి సుమారు 1,400 కోట్ల ప్యాకెట్లు తినే దేశమది, చైనా తర్వాత రెండో స్థానం. ఇక పిల్లల కోసం ఊరి కొట్టులో తీపి బిస్కెట్లు, రంగునీళ్లు, పాల పేరుతో అమ్మే తీపి చిక్కటి పాలు. ఆ డబ్బా పాలను చిన్నపిల్లలకు పాలకు బదులుగా చూపించే ప్రకటనల్ని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో కట్టడి చేయాల్సి వచ్చింది. పంచదార నీళ్లను పాలనుకుని ఎంతమంది తల్లులు పట్టించి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది. అదే తిమోర్ పెరట్లో మునగచెట్టు ఉంటుంది. అక్కడ కెలోర్ అంటారు, మనలాగే ఆకు వండుకుంటారు. ఈమధ్య ప్రావిన్సు ప్రభుత్వం దాన్ని పిల్లల తిండిగా ప్రచారం చేస్తోంది, మంచిదే.

డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమా అంటే, సిగరెట్టు ముందు ఆ వాదన నిలవదు. ఇండోనేషియా గణాంక సంస్థ పేదరికపు గీతను లెక్కకట్టేటప్పుడు పేద ఇంటి ఖర్చులో ఏ వస్తువుది ఎంత వాటా అని చూస్తుంది. పల్లెల్లోనూ పట్నాల్లోనూ మొదటిది బియ్యం, రెండోది సిగరెట్టు. గుడ్డు, కోడిమాంసం దాని తర్వాతే. మగవాళ్లలో ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా పొగతాగుతారు. లవంగం కలిపిన క్రెటెక్ సిగరెట్టు పెళ్లిలో, చావులో, ఊరి పంచాయితీలో చేతికి అందించే మర్యాద. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని ఆమోదించని కొద్ది దేశాల్లో ఇదొకటి. సిగరెట్టు మీద వచ్చే పన్ను, తెమాంగ్గుంగ్, మదురా, లొంబోక్ ప్రాంతాల పొగాకు రైతులు, జావాలోని ఫ్యాక్టరీ కూలీలు, అన్నీ కలిసి ప్రభుత్వం చేతులు కట్టేశాయి. రోజుకో పెట్టె కాల్చే ఇంట్లో ఆ డబ్బుతో రోజూ పిల్లలందరికీ గుడ్లు కొనొచ్చు. తండ్రి జేబు ప్రస్తావన తేకుండా తల్లికి మాత్రమే పోషకాహార పాఠాలు చెప్పే ప్రచారాలు చూస్తే నాకు కోపం వస్తుంది.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, మనకు తెలిసిందే కనుక. ఎండాకాలం బావి అడుగంటితే తాగడానికే నీళ్లు చాలవు, బిడ్డకు తినిపించే ముందు చేతులు కడగడం రెండో మాట. మరుగుదొడ్డి విషయంలో మాత్రం వాళ్లు మంచి దారి పట్టారు. బంగ్లాదేశ్‌లో పుట్టిన పద్ధతిని 2005లో తెచ్చుకుని, ఉచితంగా దొడ్లు కట్టిచ్చే బదులు ఊరంతా కూర్చుని బహిరంగ మలవిసర్జన మానేద్దామని తీర్మానించుకునేలా చేశారు. 2008లో అది జాతీయ విధానమైంది.

దూరం వల్ల ఏమవుతుందో 2018 మొదట్లో పపువాలోని అస్మత్ జిల్లా చూపించింది. తట్టు, పోషకాహార లోపం కలిసి 70 మందికి పైగా పిల్లలు చనిపోయారు. బురద నేల మీద చెక్క వంతెనలపై కట్టిన అగాత్స్ పట్నం నుంచి ఊళ్లకు పడవల్లోనే వెళ్లాలి. టీకా వేసే మనిషి ఆ పడవ ఎక్కలేదు, అంతే. నదిలో చేపలు, అడవిలో సాగో ఉన్న నేల మీద పిల్లలు టీకా అందక పోయారు. పోషణను తిండితోనే కొలిచేవాళ్లకు అస్మత్ ఎప్పటికీ అర్థం కాదు.

బిడ్డ కంటే ముందు తల్లి ఉంది. 2018 సర్వేలో గర్భిణుల్లో దాదాపు సగం మందికి, 48.9 శాతానికి, రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆడపిల్ల పెళ్లి వయసును 2019లో 16 నుంచి 19కి పెంచారు. చట్టంలో మినహాయింపు మిగిలింది, న్యాయస్థానం అనుమతిస్తే అంతకంటే చిన్న వయసులో కూడా పెళ్లి చేయొచ్చు. 2020లో అలాంటి అర్జీలు 60 వేలు దాటాయి. తనే ఇంకా ఎదుగుతున్న పిల్ల కడుపులో మరో పిల్ల ఎదగాలి. పుట్టేటప్పటికే ఆ బిడ్డ కురచగా ఉండటంలో వింతేముంది?

ఇన్ని ముడులున్నచోట ప్రభుత్వాలు ఒక్క వస్తువుతో పని అయిపోవాలని కోరుకుంటాయి. ఒక్కోసారి అవుతుంది కూడా. 1982-83లో ఆచే ప్రాంతంలో 450 ఊళ్లలో అమెరికన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ సోమర్ బృందం విటమిన్ ఏ మాత్ర ప్రయోగం చేసింది. మాత్ర ఇచ్చిన ఊళ్లలో పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయని 1986లో ప్రకటించారు. ఇప్పటికీ ఇండోనేషియాలో ఏటా ఫిబ్రవరి, ఆగస్టు విటమిన్ ఏ నెలలు. ఆరు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న పిల్లలకు నీలం మాత్ర, పైవాళ్లకు ఎర్రది. ఇదే మాత్రను మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షించారు. 1990లో వచ్చిన ఫలితంలో మాత్ర వేసుకున్న పిల్లలకూ వేసుకోని పిల్లలకూ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీనికి వివరణలు చాలా ఉన్నాయి. నాకు సబబుగా తోచేది ఒకటే. ఇక్కడ రెండు గుంపుల ఇళ్లకూ సిబ్బంది క్రమం తప్పకుండా వెళ్లి పిల్లల ఆరోగ్యం కనుక్కున్నారు. అలా వెళ్లడం దానికదే ఒక మందు.

అలా వెళ్లే మనిషి ఇండోనేషియాలో ఉంది, ఆమెను కాదెర్ అంటారు. 1980ల మధ్యలో మొదలైన పోస్యాందు అనే నెలవారీ శిబిరాలు ఇప్పుడు దాదాపు మూడు లక్షలు. నెలకోసారి ఎవరి వాకిట్లోనో, ఊరి చావడిలోనో బల్లలు వేసి పిల్లల పేర్లు రాస్తారు, తూస్తారు, కార్డులో చుక్క పెడతారు, తల్లితో మాట్లాడతారు, టీకా వేయిస్తారు. మొన్నమొన్నటిదాకా దూలానికి వేలాడే త్రాసుకు లుంగీ గుడ్డతో ఊయల కట్టి పిల్లల్ని తూచేవాళ్లు. 1989 నుంచి ఊరికో మంత్రసానిని శిక్షణ ఇచ్చి పంపారు, ఏడెనిమిదేళ్లలో 50 వేల మందికి పైగా. కానీ పోస్యాందు నడిపే పదిహేను లక్షల మంది కాదెర్‌లు ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తలే. ఊరి నిధుల నుంచి నామమాత్రపు గౌరవ వేతనం, అదీ ఊరిని బట్టి. 2015 నుంచి ప్రతి ఊరికీ నేరుగా కేంద్ర నిధి వస్తోంది. తొలి ఏళ్లలో అది ఎక్కువగా రోడ్లకు, కాలవలకు పోయింది.

ఇప్పుడు ఆ దేశపు అతిపెద్ద పందెం మధ్యాహ్న భోజనం. అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో 2025 జనవరి 6న ఉచిత పోషకాహార పథకం మొదలుపెట్టారు. తొలి ఏడాదికి 71 లక్షల కోట్ల రుపియాలు కేటాయించారు, పథకం మొత్తం లక్ష్యం 8 కోట్ల 29 లక్షల మంది. ఒక్కో భోజనంలో సరుకుల ఖర్చు సుమారు 10 వేల రుపియాలు, మన లెక్కలో యాభై రూపాయల పైచిలుకు. గర్భిణులు, పసిపిల్లలు కూడా జాబితాలో ఉన్నారు, కంచాల్లో ఎక్కువ భాగం మాత్రం బడి పిల్లలవి. బడి పిల్లలకు అన్నం పెట్టడాన్ని నేను వ్యతిరేకించను. మన దగ్గర ఆ భోజనం ఎంతమంది పిల్లల్ని బడికి రప్పించిందో తెలుసు. కానీ బడికి వెళ్లే వయసుకు వెయ్యి రోజులు ఎప్పుడో దాటిపోతాయి. దాన్ని ఎత్తు పెంచే పథకమని చెప్పడం సరికాదు. పైగా మొదట్లో ఒక్కో కేంద్ర వంటశాల మూడు వేల మంది దాకా పిల్లలకు వండి పంపాల్సి వచ్చేది. ఆ తొందరలో 2025లో వేలమంది పిల్లలకు అస్వస్థత చేసింది. సెప్టెంబరులో ఒక్క పశ్చిమ బాండుంగ్ జిల్లాలోనే వెయ్యిమందికి పైగా ఆస్పత్రులకు వెళ్లాల్సివచ్చింది. ఆ డబ్బులో చిన్న వాటా తీసి కాదెర్‌కు నెల జీతం ఇచ్చి, గర్భిణికి రోజుకో గుడ్డు, చేపముక్క ఆ వాకిట్లోనే పెడితే ఫలితం పెద్దది. తెలంగాణ అంగన్‌వాడీల్లో గర్భిణులకు అక్కడే వండి పెట్టే పూటభోజనం, గుడ్డు, పాలు వాళ్లు చూసి వెళ్లదగ్గ ఏర్పాటు. మన అంకెలు చెబుతున్నట్టు అదొక్కటే చాలదు, కానీ సరైన వయసు దగ్గర మొదలవుతుంది.

కొత్త పంచవర్ష ప్రణాళికలో ఇండోనేషియా 2029కి 14.2 శాతాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ఆనాడు పోస్యాందు త్రాసు ఎక్కబోయే పిల్లలు ఇప్పుడిప్పుడే పుడుతున్నారు, చాలామంది ఇంకా పుట్టనేలేదు. వాళ్లను కనబోయే తల్లుల్లో కొందరు ఈ రోజు ఏ తిమోర్ ఊళ్లోనో తొమ్మిదో తరగతి చదువుతున్నారు. నెలవారీ తూకానికి రాని ఇల్లు ఏదో, ఏ ఇంట్లో పదహారేళ్ల పిల్లకు సంబంధం చూస్తున్నారో ఆ ఊరి కాదెర్‌కు తెలుసు. ఆ ఇంటికి వెళ్లడానికి ఆమెకు బస్సు చార్జీ ఎవరిస్తారన్నది ఇంకా ఊరి పద్దుల్లో తేలలేదు.