ఏడు రోజుల్లో అజ్ఞానం మాయం

పక్కింటి అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది. మొన్న ఆదివారం నాలుగు కాగితాలు పట్టుకొచ్చి, "అంకుల్, ఇందులో తెలుగు సరిగ్గా ఉందని ఒక సంతకం పెట్టివ్వండి, మా మేడమ్ అడుగుతున్నారు" అంది. పైన శీర్షిక ఇలా ఉంది: "ఎంపిక చేసిన గ్రామంలోని 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత గురించిన పరిజ్ఞానంపై నిర్మాణాత్మక బోధనా కార్యక్రమం యొక్క ప్రభావాన్ని అంచనా వేయుటకు ఒక అధ్యయనం." మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుని చదివి, సంతకం పెట్టి పంపాను. పిల్ల తప్పేముంది? కానీ ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నర్సింగ్ చదివే పిల్ల ఉన్న ఇంట్లో ఈ శీర్షిక తెలియనివాళ్లు ఉండరు. రక్తహీనత తీసేసి తల్లిపాలు పెట్టండి, చేతులు కడుక్కోవడం పెట్టండి, షుగరు రోగి పాదాల సంరక్షణ పెట్టండి. స్త్రీలను తీసేసి ఇంటర్ పిల్లలను పెట్టండి, ఆటోడ్రైవర్లను పెట్టండి. మిగతాది ఇసుమంత కదలదు. శాంపిల్ 60. ప్రశ్నలు 30. ముందు ప్రీ టెస్ట్, తర్వాత చార్టులు పట్టుకుని ముప్పావుగంట పాఠం, ఏడో రోజున మళ్లీ అవే 30 ప్రశ్నలతో పోస్ట్ టెస్ట్. మార్కులు పెరుగుతాయి. పీ వాల్యూ 0.05 కంటే తక్కువ వస్తుంది, అంటే ఈ పెరుగుదల ఊరికే కాకతాళీయంగా వచ్చింది కాదని లెక్క. "బోధనా కార్యక్రమం ప్రభావవంతమైనదని నిరూపితమైనది" అని రాసి, నల్ల రెక్సిన్ బైండింగు చేయించి, పైన బంగారు అక్షరాలు కొట్టించి, భగవంతుడితో మొదలుపెట్టి జిరాక్స్ సెంటర్ అన్న వరకూ అందరికీ కృతజ్ఞతలు చెప్పి, లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

ఇందులో నాకు అందరికంటే ఎక్కువ జాలి కలిగేది నల్ హైపోథిసిస్ మీద, అంటే కొట్టేయడానికి వీలుగా పరిశోధన మొదట్లో రాసుకునే ఊహ మీద. "పాఠం చెప్పినందువల్ల తేడా ఏమీ ఉండదు" అని పాపం తన మానాన తాను ఒక మాట అంటుంది. సినిమాలో హీరో చేత తన్నులు తినడానికే వచ్చే రౌడీలాగా ఏటా రావడం, తిరస్కరణకు గురై పోవడం. దాని తరఫున వాదించే వకీలు లేడు. ప్రపంచంలో మందులు విఫలమవుతాయి, టీకాలు విఫలమవుతాయి, ప్రభుత్వాలు విఫలమవుతాయి. మన నర్సింగ్ కాలేజీల ముప్పావుగంట పాఠం విఫలమైనట్టు మాత్రం ఎక్కడైనా విన్నారా?

సరే, ఆ ఎంపిక చేసిన గ్రామానికి ఒకసారి పోదాం. దాన్ని ఎంపిక చేసింది కాలేజీ బస్సు డీజిలు. రోడ్డు పక్కనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనానికి హాస్టలుకు తిరిగి వచ్చేయొచ్చు. అంగన్‌వాడీ ముందు ఫ్లెక్సీ కట్టారు. కాలేజీ పేరు ఆమడ దూరానికి కనబడుతుంది, రక్తహీనత మాత్రం దగ్గరికి వెళ్లి వెతుక్కోవాలి. తెల్లకోట్లలో పది మంది పిల్లలు, కుర్చీలో గైడ్ మేడమ్, నేలమీద ఆడవాళ్లు. బీపీ చూస్తారని చెప్పి ఆశా కార్యకర్త వాళ్లను పోగేసింది. బీపీ మిషను బస్సులోనే ఉంది.

ప్రీ టెస్ట్ మొదలైంది. వయసు, మతం, చదువు, కుటుంబ ఆదాయం. తర్వాత అసలు ప్రశ్నలు. "ఇనుము అధికంగా గల ఆహారం ఏది? అ) ఆకుకూరలు ఆ) బెల్లం ఇ) మాంసం ఈ) పైవన్నీ." తర్వాతిదానికీ పైవన్నీ. ఆ తర్వాతిదానికీ అదే. నాలుగో ప్రశ్న దగ్గర, చూడ్డానికొచ్చి కూర్చున్న ఒక ముసలమ్మ గుట్టు పట్టేసి, "ఆఖరిదానికి కొట్టుండ్రే, అన్నిటికీ గదే" అని కేకేసింది. ఆ గ్రామంలో ఆ రోజు జరిగిన ఏకైక శాస్త్రీయ పరిశీలన అదే.

ఇంతలో ప్రమాదం ముంచుకొచ్చింది. ఒకావిడకు ప్రీ టెస్ట్‌లోనే 30కి 27 వచ్చాయి. ఇదివరకు అంగన్‌వాడీలో ఆయాగా చేసిన మనిషి. పిల్లల మొహాలు పాలిపోయాయి. పాఠానికి ముందే 27 వస్తే పాఠం తర్వాత ఎంత పెంచుతారు? టేబుల్ ఏమవ్వాలి, గ్రాఫ్ ఏమవ్వాలి? మేడమ్ అనుభవజ్ఞురాలు. "ఆమెను శాంపిల్‌లోంచి తీసెయ్యండి" అన్నారు. తెలిసినవాళ్లు అధ్యయనానికి అనర్హులు. ఆవిడ లేచి పక్కకు పోయి కూర్చుని, ఏం తప్పు చేశానోనని చాలాసేపు ఆలోచించింది.

పాఠం సంగతికొస్తే, చార్టు మీద బీట్‌రూట్, దానిమ్మ, యాపిలు, ఖర్జూరం. ఎర్రగా ఉంటే రక్తం పడుతుందన్న మహా సిద్ధాంతం. ఇనుము లెక్కలో ఆ బీట్‌రూట్ మన పెరటి తోటకూర ముందు నిలబడలేదని ఏ పోషకాహార పట్టిక తిరగేసినా తెలుస్తుంది. కానీ తోటకూర బొమ్మ వేస్తే చార్టు అందంగా ఉండదు కదా. తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదన్న పనికొచ్చే ముక్క ఒకటుంది. అది చెప్పబోయేలోగా టీ వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసలమ్మ మళ్లీ నోరు విప్పింది: "గివన్నీ మాకెర్కనే బిడ్డా. దానిమ్మపండు కిలో ఎంతున్నదో మీ చార్టుల రాసిండ్రా?" పిల్లలు మేడమ్ వైపు చూశారు. మేడమ్ గడియారం వైపు చూశారు. ముప్పైలో ఆ ప్రశ్న లేదు.

ఏడో రోజుకు మళ్లీ వెళ్తే సగం మంది మిరప కోతలకు పోయారు. సైన్సు ఆగుతుందా? ఆ రాత్రి హాస్టలు గదిలో పది మంది చుట్టూ కూర్చుని, మిగిలిన పోస్ట్ టెస్టులు తామే రాశారు. కొన్ని నీలం సిరాతో, కొన్ని నలుపుతో, కొన్ని ఎడమచేత్తో. మరీ 30కి 30 వేస్తే వైవాలో దొరికిపోతామని 22 నుంచి 26 మధ్య సర్దారు. పరిజ్ఞానం పెరిగిన మాట నిజమే. అదే పేపరు అన్నిసార్లు రాస్తే ఎవరికైనా పెరుగుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 లెక్కల్లో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. పది మందిలో దాదాపు ఆరుగురు. బీరువాల నిండా అన్ని బోధనా కార్యక్రమాలు ప్రభావవంతమని నిరూపితమయ్యాక మిగిలిన రక్తహీనత ఇది!

అసలు కొలవాల్సింది రక్తం కదా, మార్కులెందుకు కొలుస్తారు? ఎందుకంటే మార్కులు ఎవర్నీ ఏమీ అనవు. "నీకు తెలియదు కాబట్టి నీకు రక్తం లేదు" అంటే తప్పంతా ఆ నేలమీద కూర్చున్న మనిషిదే అయిపోతుంది. రేషను బియ్యానిది కాదు, కూలి రేటుది కాదు, మొగుడు పిల్లలు తిన్నాక అడుగున మిగిలిన కూరది కాదు. ఐరన్ మాత్ర మింగితే వాంతి ఎందుకవుతోందో, మలం నల్లగా వస్తుందని ముందుగా ఎవరైనా చెప్పారో లేదో, చెప్పకపోతే ఎంతమంది భయపడి షీటు మొత్తం చూరులో దోపేశారో అడగండి, అది పరిశోధన. మీరు చేసేది పేదవాళ్లకు పరీక్ష పెట్టి, ఫెయిల్ చేసి, వారం తిరక్కుండా మీరే పాస్ చేయించి, ఆ పేరున డిగ్రీ పంచుకోవడం.

మనకు దారి చూపినవాళ్లు లేక కాదు. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. జొన్నలు తినేవాళ్లకు పెల్లగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు ఎందుకొస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో జొన్నల్లోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అనుమానించారు. "పెల్లగ్రాపై మీ పరిజ్ఞానం ఎంత?" అని జొన్నరొట్టె తినేవాణ్ణి అడగలేదు, రొట్టెను అడిగారు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్‌ను 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించినవాళ్లు బావి నీళ్లు పరీక్షించారు. వంగిపోయిన నడుములకు మార్కులు వేయలేదు.

ఇక ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్. ప్రతి నర్సింగ్ కాలేజీలో తొలి ఏడాది పిల్లల చేత ఆమె పేరున దీపాలు పట్టించి ఫొటో తీస్తారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే ఆసుపత్రి మురికితో వచ్చిన రోగాలకే ఎక్కువగా చచ్చారని లెక్కగట్టి, 1858లో రంగుల పటాలు గీసి దొరల మొహాన పెట్టిన మనిషి ఆమె. పరీక్ష పెట్టింది రోగులకు కాదు, ఆసుపత్రికి. ఆ సంగతి గుర్తుచేస్తే దీపం కూడా పట్టనివ్వరేమో.

పిల్లలకు ప్రశ్నలు రావనుకోకండి. వస్తాయి. "మేడమ్, అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే ఆరోగ్య లక్ష్మి గుడ్లు నెలలో ఎన్ని రోజులు నిజంగా అందుతున్నాయో లెక్కపెడదామా?" అని ఒక పిల్ల అడుగుతుంది. "పర్మిషన్ ఎవరు తెస్తారు? మీ నాన్న తెస్తాడా?" అన్నది జవాబు. "పోనీ మేడమ్, మన వార్డులో రాత్రిపూట ఎంతమంది పేషెంట్లకు ఒక సిస్టర్ ఉందో చూద్దామా?" అంటుంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ ముగ్గురిని పదిహేనూ ఇరవయ్యీ చేసి, ఆ ఖాళీల్లో జీతం లేని స్టాఫ్‌గా తోసేది ఈ పిల్లల్నే. ఫీజు కట్టించుకుని మరీ! ఎముకలు కొరికే నైట్ డ్యూటీ దిగి, హాస్టల్లో నీళ్ల సాంబారు తాగి, తెల్లకోటు వేసుకుని వెళ్లి "అమ్మా, రోజూ ఒక దానిమ్మ తినండి" అని చెబుతారు. సర్వే నిష్పత్తే పట్టుకుంటే, చార్టు మోస్తున్న ఆ పది మందిలో అయిదారుగురికి రక్తం లేదు. ఒక్కరి వేలుకైనా సూది గుచ్చి చూశారా? సిగ్గు లేదూ? ఆడపిల్లల్ని నాలుగేళ్లు మీ దగ్గర పెట్టుకుని, వాళ్ల ఒంట్లో హిమోగ్లోబిన్ ఎంతుందో తెలియకుండా వాళ్ల చేత ఊరందరి అజ్ఞానం కొలిపిస్తారా!

ఎడిటరు గారికి నా భాష నచ్చదని తెలుసు కాబట్టి మళ్లీ మర్యాదలోకి వస్తాను. వచ్చే ఏడాది పిల్లలకు ఒక శీర్షిక నేనే ఇస్తున్నాను. "ఎంపిక చేసిన ఆసుపత్రుల యజమానులలో నర్సుల సంఖ్య, జీతం, హాస్టలు భోజనం గురించిన పరిజ్ఞానంపై నిర్మాణాత్మక బోధనా కార్యక్రమం యొక్క ప్రభావాన్ని అంచనా వేయుటకు ఒక అధ్యయనం." 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 తగ్గరాదని, సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లోనే చెప్పింది. కాబట్టి పాఠ్యాంశం సిద్ధంగా ఉంది. యజమానులు నేలమీద కూర్చోవాలి. అనుమతి పత్రం మీద సంతకం చేయాలి. కుటుంబ ఆదాయం దాచకుండా టిక్కు కొట్టాలి. ప్రీ టెస్ట్‌లో వాళ్లకు 30కి 30 వస్తాయి, ఎందుకంటే వాళ్లకు అన్నీ తెలుసు. మేడమ్ కంగారుపడి శాంపిల్‌లోంచి తీసెయ్యకూడదు. ముప్పావుగంట పాఠం చెప్పి, ఏడో రోజున వార్డుకు వెళ్లి సిస్టర్లను లెక్కపెట్టండి. నల్ హైపోథిసిస్ ఈసారి గెలుస్తుంది. బైండింగు ఖర్చు నాది.