ముద్రణకు నోచుకోని సిలబస్

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటి నుంచి తిరుపతికి చదువులు ఒకదాని వెంట ఒకటి కాపురానికి వస్తూనే ఉన్నాయి. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చాయి. సంస్కృతానికి, వేదానికి, పశువైద్యానికి వేర్వేరు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ వ్యాసం వాటిలో ఏ ఒక్కదానినీ ఉద్దేశించినది కాదు. రాష్ట్రంలో ఎక్కడ మొదటి సంవత్సరం చదివినా నేర్చుకునేది ఇంచుమించు ఒకటే. కాకపోతే వరుసలో నిలబడే విద్యలో ఈ ఊరికి ఉన్న పూర్వానుభవం వల్ల ఇక్కడి విద్యార్థికి అది త్వరగా ఒంటబడుతుంది. నా అభ్యంతరమల్లా, ఇంత శ్రమపడి నేర్చుకున్న విద్యకు మార్కుల జాబితాలో ఒక్క గడి కూడా కేటాయించకపోవడం గురించే.

ఆ విద్యలో ప్రధానమైనది నిరీక్షణ. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో వచ్చిన విద్యార్థికి బ్యాంకు రుణం కోసం బోనఫైడ్ సర్టిఫికెట్ కావలసి వస్తుంది. అతడు చదువుతున్న చోటనే చదువుతున్నాడని, ఆ చోటివారే రాసి ఇవ్వవలసిన కాగితం అది. ఉదయం వెళితే గుమాస్తా గారు ఇంకా రాలేదంటారు. వచ్చాక వెళితే భోజన విరామం. విరామం ముగిశాక సూపరింటెండెంటు గారు మీటింగుకు పోయి ఉంటారు. ఆయన తిరిగి వచ్చేసరికి చలానా కట్టలేదన్న సంగతి బయటపడుతుంది. బ్యాంకుకు పరుగెత్తితే అక్కడ సర్వర్ పడిపోయి ఉంటుంది. సాయంత్రానికి ఆ కుర్రవాడు తాను నిజంగా ఇక్కడ చదువుతున్నాడా అన్న సందేహంలో పడతాడు. తత్త్వశాస్త్ర విభాగం ఏడాదంతా బోధించినా కలగని జిజ్ఞాసను ఒక కిటికీ ఒక్క రోజులో కలిగించడం సామాన్య విషయం కాదు. కొండమీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో వేచి ఉన్న భక్తులకు పాలు, అన్నప్రసాదం అందుతాయి. ఇక్కడ ‘రేపు రాప్పా’ అన్న ఆప్యాయమైన మాట అందుతుంది.

సర్వదర్శనం, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, సిఫారసు లేఖపై బ్రేక్ దర్శనం అన్న భేదాలు తిరుపతి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కార్యాలయం కిటికీ ఆ జ్ఞానానికి కొనసాగింపు మాత్రమే. ఎండలో నిలబడేవారు మొదటి తరగతి. అటెండరు గారికి టీ ఇప్పించి పక్క తలుపు నుంచి కాగితం పంపేవారు రెండో తరగతి. లోపల మేనమామ పనిచేస్తున్నవారు మూడో తరగతి, వారి కాగితం సంతకాలన్నీ చేయించుకుని దానంతట అదే హాస్టలు గదికి నడిచివస్తుంది.

ఇక రికార్డు రాయడం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమంటారు. జవాబు 980కి దగ్గరగా రావాలని అందరికీ ముందే తెలుసు కనుక, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి డోలన కాలాలను ‘పరిశీలిస్తారు’. దారం తెగిన లోలకంతో సైతం సరైన విలువ సాధించిన బృందాలు ఉన్నాయి. ఆ శ్రమ కూడా దండగనుకున్నవారు సీనియర్ రికార్డు తెచ్చుకుంటారు. ఆ సీనియర్ దానిని తన సీనియర్ దగ్గర తెచ్చుకుని ఉంటాడు. ఎప్పుడో ఒక పూర్వికుడు 1.42 అని ఉన్నచోట 1.24 అని రాసి ఉంటే, ఆ అంకె భక్తిశ్రద్ధలతో తరువాతి తరాలకు సంక్రమిస్తుంది. ఇదే ఊరి ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలు భద్రంగా ఉన్నాయి. లేఖక దోషాలను పోల్చిచూసి ఏ ప్రతికి ఏది మాతృకో తేల్చే పండితులు ఒక్కసారి రికార్డుల అలమరా తెరిస్తే, సంప్రదాయం బతికే ఉందని పరమానందపడతారు. సంతకం పెట్టే అధ్యాపకుడు ఆ దోషాన్ని పట్టుకోకపోవడంలో వింత లేదు. ఆయనా ఒకప్పుడు ఆ ప్రతి నుంచే రాసినవారు కావచ్చు.

మెస్సు గురించి విస్తరించను. నెల ఖర్చును తిన్నవారందరికీ పంచే డివైడింగ్ పద్ధతిలో పండక్కి సగంమంది ఊళ్లకు పోతే సాంబారు పలచబడి బిల్లు చిక్కబడుతుంది. ఈ విలోమానుపాతం నేర్పడానికి గణిత విభాగం అవసరం రాదు. ర్యాగింగును నిషేధిస్తూ 1997లో రాష్ట్రం చేసిన చట్టం వయసు ఇప్పుడు కొత్తగా చేరే విద్యార్థి వయసు కంటే ఎక్కువ. అందుచేత సీనియర్లు ఆ చట్టాన్ని తమకూ సీనియర్‌గా గౌరవించి, తమ కార్యక్రమానికి ‘ఇంట్రడక్షన్’ అని పేరు మార్చుకున్నారు.

హాజరు దగ్గర మాత్రం వైద్యశాస్త్రం ఆగి ఆలోచించవలసి ఉంది. 75 శాతం తప్పనిసరి అనీ, వైద్య ధ్రువపత్రం చూపి కండోనేషన్ రుసుము కట్టినవారిని 65 శాతం దాకా మన్నిస్తామనీ చాలా చోట్ల నియమం ఉంది. హాజరు పట్టిక నోటీసు బోర్డుకు ఎక్కిన మరునాడు, తమకు మధ్యలో ఎప్పుడో టైఫాయిడ్ వచ్చిపోయిందన్న సంగతి తరగతిలో సగంమందికి జ్ఞాపకం వస్తుంది. ఆ జ్వరం మందులకు లొంగదు, చలానాకు లొంగుతుంది. 65కు దిగువన ఉన్నవారిని ధన్వంతరి కూడా కాపాడలేడు.

ప్రస్తుత పద్ధతిలో 15 గంటల బోధనకు గాని, 30 గంటల ప్రయోగానికి గాని ఒక క్రెడిట్ ఇస్తున్నారు, అవి తగినన్ని కూడితేనే డిగ్రీ. నిరీక్షణను కూడా ఒక సబ్జెక్టుగా గుర్తించాలని నా ప్రతిపాదన. దానిని బోధన కింద లెక్కిస్తే విద్యార్థులు మొదటి సెమిస్టరులోనే డిగ్రీ అడిగే ప్రమాదం ఉంది గనుక, ప్రయోగం కింద లెక్కించడం క్షేమం. పరీక్షకు వేరే ఏర్పాట్లు అక్కరలేదు, పరీక్ష రుసుము కట్టే వరుసే చాలు. ఫలితాలు ఆలస్యమైతే అదీ కోర్సులో భాగమే అవుతుంది. ఒక్క చిక్కు ఉంది. మూడో తరగతివారికి ఈ సబ్జెక్టులో హాజరు బొత్తిగా ఉండదు. పరపతి గల కుటుంబాల పిల్లలకు అన్యాయంగా ఒక సంవత్సరం పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక, నిలబడడానికి కాళ్లు సహకరించలేదని వైద్య ధ్రువపత్రం సమర్పించే వెసులుబాటు వారికి కల్పించాలి. రుసుము మేనమామ గారు కడతారు.